గళమూ నటనా ఒకరివే: భానుమతీ రామకృష్ణ గాన నట ప్రస్థానం

తెలుగు, తమిళ చలనచిత్ర రంగాలలో గాయనిగా, నటిగా, నిర్మాతగా, దర్శకురాలిగా, సంగీత దర్శకురాలిగా, స్టూడియో అధిపతిగా, కథా రచయిత్రిగా విశిష్ట స్థానం సంపాదించుకున్న పద్మభూషణ్ డాక్టర్ పి. భానుమతీ రామకృష్ణ జన్మించి 2025 సెప్టెంబరు 7వ తేదీకి నూరేళ్లు నిండాయి. ఇన్ని శాఖలలో పనిచేసిన కళాకారులు భారతీయ సినిమాలో వేళ్లమీద లెక్కింపదగినంత మందే ఉన్నారు. అయితే ఆమె ప్రత్యేకత శాఖల సంఖ్యలో లేదు. తెరపై కనిపించే ముఖం ఒకరిదిగా, వినిపించే గొంతు మరొకరిదిగా పరిశ్రమ అంతా మారిపోయిన తరువాత కూడా తన పాత్రకు తానే పాడతానన్న నియమాన్ని తెలుగు, తమిళ చిత్రాలలో దశాబ్దాల పాటు నిలుపుకున్న కథానాయిక ఆమె.

ఆ నియమం విలువ తెలియాలంటే తొలినాటి టాకీ చిత్రాల నిర్మాణ పద్ధతిని కొంత గుర్తుచేసుకోవాలి. 1932లో 'భక్త ప్రహ్లాద' విడుదలైనది మొదలు సుమారు ఒక దశాబ్దం పాటు తెలుగు సినిమాలో నటనకూ గానానికీ నడుమ విభజన లేదు. దృశ్యాన్ని చిత్రీకరిస్తున్నప్పుడే నటీనటులు పాడవలసి ఉండేది. మైకు కెమెరాకు చిక్కకుండా తలపైన వేలాడేది. హార్మోనియం, తబలా, ఫిడేలు వాయించేవారు చిత్రంలో పడని మూలన కూర్చునేవారు. స్వరం తప్పినా, అడుగు తడబడినా షాటు మళ్లీ మొదటికి వచ్చేది. అందువల్ల పాడగలిగినవారికే ప్రధాన పాత్రలు లభించేవి. పద్యనాటక రంగస్థలం నుంచి గాయక నటులు పెద్దయెత్తున సినిమాలకు తరలిరావడానికి ముఖ్య కారణం ఇదే. శాంతకుమారి, కన్నాంబ, ఎస్. వరలక్ష్మి, సి. కృష్ణవేణి, టంగుటూరి సూర్యకుమారి, ఆర్. బాలసరస్వతీదేవి మొదలైనవారు ఆ తరానికి చెందినవారే. పురుషులలో చిత్తూరు నాగయ్య పేరు చెప్పుకోవాలి.

హిందీలో 1935 నాటి 'ధూప్ ఛావ్' చిత్రంతో నేపథ్యగానం ప్రవేశించింది. పాటను ముందుగా రికార్డు చేసి, చిత్రీకరణ సమయంలో దానిని వినిపిస్తూ నటీనటుల చేత పెదవులు కదిలింపజేసే ఈ పద్ధతి దక్షిణాదిలో 1940 దశకంలో స్థిరపడింది. గొంతు లేని అందగత్తెకు గొంతు సమకూరింది, అందం లేని గొంతుకు అవకాశం సమకూరింది. ఈ మార్పు సినిమా సంగీతానికి పి. లీల, జిక్కి, పి. సుశీల వంటి మహాగాయనులను అందించిన మాట వాస్తవం. అదే మార్పు గాయక నటి అనే వృత్తిని క్రమంగా తెరమరుగు చేసిన మాట కూడా అంతే వాస్తవం. ఉత్తరాదిన నూర్జహాన్ దేశవిభజన అనంతరం పాకిస్తాన్‌కు తరలిపోగా, సురయ్యా 1963 నాటి 'రుస్తుం సొహ్రాబ్'తో తెరకు దూరమయ్యారు. భానుమతి గొంతు మాత్రం 1980 దశకంలోనూ ఆమె పాత్రలకే వినిపిస్తూ వచ్చింది.

తండ్రి షరతు, తొలి చిత్రం

నేటి ప్రకాశం జిల్లా ఒంగోలు సమీపంలోని దొడ్డవరం గ్రామంలో 1925 సెప్టెంబరు 7న బొమ్మరాజు వెంకట సుబ్బయ్య, సరస్వతమ్మ దంపతులకు భానుమతి జన్మించారు. తండ్రికి శాస్త్రీయ సంగీతంపై అపారమైన అభిమానం. కుమార్తెకు త్యాగరాజ కీర్తనలు బాల్యంలోనే అబ్బాయి. సినిమా అంటే గౌరవ కుటుంబాలు ముఖం తిప్పుకునే ఆ రోజులలో దర్శకులు సి. పుల్లయ్య ఆ పదమూడేళ్ల బాలికను కలకత్తాలో నిర్మాణమైన 'వరవిక్రయం' (1939) చిత్రానికి ఎంపిక చేశారు. కాళ్లకూరి నారాయణరావు రచించిన ప్రసిద్ధ నాటకం దానికి ఆధారం. వరశుల్కం పేరిట సాగే బేరసారాలకు బలి కావడం ఇష్టంలేక ప్రాణత్యాగం చేసే కాళింది పాత్రను భానుమతి ధరించారు. చెల్లెలు కమల పాత్రలో పుష్పవల్లి నటించారు.

తన కుమార్తెను కథానాయకుడు తాకరాదని, కౌగిలింతల దృశ్యాలు ఉండరాదని సుబ్బయ్యగారు నిర్మాతలకు షరతు విధించేవారు. ఈ షరతును ఇప్పుడు తలచుకుంటే నవ్వు రావచ్చు. కానీ దాని ఫలితం నవ్వులాట కాదు. అనురాగాన్నీ విరహాన్నీ చేతులతో కాక కళ్లతో, మాట విరుపుతో, ముఖ్యంగా పాటతో పలికించవలసిన అవసరం ఆ బాలనటికి ఏర్పడింది. తరువాతి కాలంలో ఆమె నటనలో కనిపించే నిటారుతనానికి, కొద్దిపాటి అతిశయానికి బీజాలు ఇక్కడే పడ్డాయని భావించవచ్చు.

'మాలతీ మాధవం' (1940), 'ధర్మపత్ని' (1941), 'భక్తిమాల' (1941) చిత్రాల తరువాత వచ్చిన 'కృష్ణప్రేమ' (1943) ఆమె జీవితాన్ని మలుపు తిప్పింది. ఆ చిత్రానికి సహాయ దర్శకులుగా పనిచేస్తున్న పి.ఎస్. రామకృష్ణారావును ఆమె ఇష్టపడ్డారు. తండ్రికి తొలుత అంగీకారం లేకపోయినా పట్టుదలతో 1943 ఆగస్టు 8న ఆయనను వివాహం చేసుకున్నారు. పెద్ద తారగా ఎదుగుతున్న యువతి ఒక సహాయ దర్శకుని భార్య కావడానికి నిశ్చయించుకుని, సినిమాలు మానివేసి సంసారానికే పరిమితం కావాలనుకోవడం నాటి పరిశ్రమను ఆశ్చర్యపరచింది.

'స్వర్గసీమ' నుంచి 'మల్లీశ్వరి' వరకు

ఆ విరామానికి బి.ఎన్. రెడ్డి తెరదించారు. వాహినీ వారి 'స్వర్గసీమ' (1945)లో వీధి ఆటపాటలతో పొట్టపోసుకునే సుబ్బి, రంగస్థల నటి సుజాతాదేవిగా ఎదిగి ఒక గృహస్థుని సంసారంలో చిచ్చుపెట్టే పాత్ర కోసం ఆయన భానుమతిని కోరారు. అప్పటివరకు సాధు పాత్రలే ధరించిన నటికి ఇది సాహసమే. నాగయ్య సరసన ఆమె ఆ పాత్రను పోషించిన తీరు నాటి ప్రేక్షకులకు కొత్త అనుభవం. రీటా హేవర్త్ నటించిన 'బ్లడ్ అండ్ శాండ్' అనే హాలీవుడ్ చిత్రం చూసి, అందులోని ఒక కూనిరాగం మనసులో నాటుకోగా, దాని ఛాయను పావురాన్ని ఉద్దేశించి పాడే పాటలో ఆమె ప్రవేశపెట్టారు. త్యాగరాజ కీర్తనలతో పెరిగిన గొంతు పాశ్చాత్య బాణీని ఇంత సునాయాసంగా తనలో కలుపుకోవడం తెలుగు సినిమా పాటకు ఒక కొత్త దారి చూపింది. ఘంటసాల వెంకటేశ్వరరావు సినిమాలో గళం వినిపించిన తొలి సందర్భాలలో ఒకటి ఇదే చిత్రంలో, భానుమతితో కలిసి పాడిన పాట కావడం మరొక విశేషం.

1947లో కుమారుడు భరణి పేరిట భానుమతి దంపతులు భరణీ పిక్చర్స్ సంస్థను నెలకొల్పారు. తరువాత మద్రాసులో భరణీ స్టూడియోను కూడా నిర్మించారు. తొలి చిత్రం 'రత్నమాల'కు, అనంతరం అక్కినేని నాగేశ్వరరావు కథానాయకుడుగా నటించిన 'లైలా మజ్ను' (1949)కు సి.ఆర్. సుబ్బరామన్ సంగీతం సమకూర్చారు. రామకృష్ణారావు దర్శకత్వం వహించారు. 'లైలా మజ్ను'లో పారసీక వాతావరణానికి తగిన హిందూస్థానీ పోకడలు, కర్ణాటక బాణీ గమకాలు భానుమతి గొంతులో ఒదిగిన తీరు సంగీతజ్ఞుల ప్రశంసలు అందుకుంది. ఒక పక్కకు 3 నిమిషాలకు మించి పట్టని 78 ఆర్.పి.ఎం. గ్రామఫోను రికార్డుల కాలంలో, ఆ కొద్ది వ్యవధిలోనే రాగ స్వరూపం, పాత్ర మనఃస్థితి రెండూ తెలియజేయాలి. ఆ విద్యలో ఆమె ఆరితేరారు.

ఆమె కీర్తికి మకుటాయమానంగా నిలిచిన చిత్రం 'మల్లీశ్వరి' (1951). బుచ్చిబాబు నాటిక 'రాయలవారి కరుణకృత్యం' ఛాయలు గల ఈ కథ శ్రీకృష్ణదేవరాయల కాలంలో జరుగుతుంది. బావ నాగరాజును ప్రేమించి, అంతఃపురానికి చేరి, రాణివాసపు పల్లకి బంగారు పంజరమని తెలుసుకునే పల్లెపడుచు మల్లీశ్వరి. బి.ఎన్. రెడ్డి దర్శకత్వం, సాలూరి రాజేశ్వరరావు సంగీతం, దేవులపల్లి కృష్ణశాస్త్రి తొలిసారిగా సినిమాకు రాసిన పాటలు ఈ చిత్రంలో సమకూడాయి. సరసన ఎన్.టి. రామారావు అప్పుడప్పుడే తారాపథంలో అడుగిడుతున్న నటులు. ఆయన 'పాతాళభైరవి' వచ్చినది కూడా ఆ సంవత్సరమే. ఆయనకు ఘంటసాల గళమిచ్చారు. అనగా 'మల్లీశ్వరి' యుగళగీతాలలో నాయకుడు పెదవులు కదుపుతారు, నాయిక తానే పాడతారు. రెండు యుగాలు ఒకే దృశ్యంలో పక్కపక్కన నిలిచిన అరుదైన ఘట్టమిది. మల్లి పాటలో నవ్వు, వెక్కిరింత, అలక, ఎదురుచూపు ఎక్కడికక్కడ మాటలోకీ, మాట మళ్లీ పాటలోకీ జారుకునే సహజత్వం వినేవారికి వెంటనే తెలుస్తుంది. నటించేవారే పాడినందువల్ల కలిగిన లాభం ఇది. చైనాలో కూడా ప్రదర్శితమైన తెలుగు చిత్రంగా 'మల్లీశ్వరి' చరిత్రకెక్కింది.

'మిస్సమ్మ' వ్యవహారం

విజయా సంస్థ 'మిస్సమ్మ' (1955) చిత్రానికి తొలుత నాయికగా భానుమతినే తీసుకున్న సంగతి సుప్రసిద్ధమే. కొంత భాగం చిత్రీకరణ కూడా జరిగింది. ఇంటిలో వరలక్ష్మీ వ్రతం కారణంగా ఆమె సెట్టుకు ఆలస్యంగా వచ్చిన విషయంపై నిర్మాత చక్రపాణికీ ఆమెకూ మాట పట్టింపు వచ్చింది. క్షమాపణకు ఆమె అంగీకరించలేదు. అంతవరకు తీసిన రీళ్లను పక్కనపెట్టి ఆ పాత్రను సావిత్రికి ఇచ్చారు. సావిత్రి మహానటిగా ఎదిగిన క్రమంలో అది కీలక ఘట్టమైంది. ఆమె ప్రతిభను భానుమతి తరువాతి కాలంలో మనసారా మెచ్చుకున్నారు.

ఈ ఉదంతాన్ని సాధారణంగా ఇద్దరి అభిమానాల పట్టింపుగా మాత్రమే చెప్పుకుంటారు. దీనిలో మరొక కోణం ఉంది. 'మిస్సమ్మ'లో సావిత్రి పాత్రకు పాడినవారు పి. లీల. భానుమతి నటించి ఉంటే ఆ పాటలు ఆమె గొంతులోనే వచ్చేవి. నాయికకు నటన చాలు, గానం వేరొకరు చూసుకుంటారు అన్న ఏర్పాటు 1955 నాటికి నిర్మాతలకు అందుబాటులో ఉన్నందువల్లనే అంత పెద్ద తారను మార్చడం సాధ్యమైంది. పదిహేనేళ్లు ముందయితే పాడగల మరొక నాయికను వెదకిపట్టేవరకు చిత్రం ఆగిపోయేది. గాయక నటికి పరిశ్రమలో ఉన్న బేరసార శక్తి ఎంతగా తగ్గిపోయిందో చెప్పడానికి ఇంతకంటె స్పష్టమైన ఉదాహరణ దొరకదు.

అటువంటి పరిస్థితులలో ఆమె నిలదొక్కుకోవడానికి గొంతు ఒక్కటే కారణం కాదు. సొంత సంస్థ, సొంత స్టూడియో ఉన్నాయి. తనకు నచ్చని షరతులను కాదనగల ఆర్థిక స్వాతంత్ర్యం ఉంది. ఈ వాస్తవాన్ని విస్మరించి ఆమెను 'గర్విష్ఠి' అన్న ఒక్క మాటతో సరిపుచ్చడం నాటి సినిమా పత్రికలలో పరిపాటిగా ఉండేది. మాట పట్టింపు గల పురుష నటులను మాత్రం ఆత్మాభిమానులని పిలిచేవారు.

దర్శకత్వం, సంగీతం, ద్విభాషా ప్రాభవం

భరణీ సంస్థ నిర్మించిన 'చండీరాణి' (1953) ద్వారా ఆమె దర్శకత్వ బాధ్యతలు చేపట్టారు. తెలుగు, తమిళం, హిందీ భాషలలో ఏకకాలంలో నిర్మాణమైన ఈ చిత్రంలో ఎన్.టి. రామారావు సరసన ఆమె ద్విపాత్రాభినయం చేశారు. మూడు భాషలలో ఒకే కథను నడిపించడం, కెమెరా ముందు రెండు పాత్రలు ధరించడం, పాటలు పాడడం, సంస్థ లెక్కలు చూడడం ఒకే మనిషి నిర్వహించారు. 'చక్రపాణి' (1954) హాస్య చిత్రానికి సంగీత దర్శకత్వం కూడా వహించారు. అదే సంవత్సరం 'విప్రనారాయణ'లో దేవదేవి పాత్రలో నాగేశ్వరరావును ఎదుర్కొన్న తీరు, జయదేవుని అష్టపదిని ఆలపించిన పద్ధతి ఆమె శాస్త్రీయ శిక్షణకు నిదర్శనాలు. శరత్ బాబు నవల 'బడదీది' ఆధారంగా తీసిన 'బాటసారి' (1961)లో వితంతువైన మాధవిగా ఆమె నటన అతి సంయమనంతో కూడినది. ఆర్భాటమే ఆమె బలమనుకునేవారు ఈ చిత్రాన్ని ఒకసారి చూడాలి.

తమిళ చిత్రసీమలో ఆమె ప్రాభవం తెలుగు కంటె తక్కువది కాదు. ఎం.కె. త్యాగరాజ భాగవతార్‌తో 'రాజముక్తి' (1948), జెమినీ వారి 'అపూర్వ సహోదరర్గళ్' (1949), ఎం.జి. రామచంద్రన్‌తో 'మలైక్కళ్లన్' (1954), 'అలీబాబావుం 40 తిరుడర్గళుం' (1956), 'మదురై వీరన్' (1956), 'నాడోడి మన్నన్' (1958) ఆమెను అగ్రతారగా నిలిపాయి. సి.ఎన్. అన్నాదురై కథతో, శివాజీ గణేశన్ ప్రధాన పాత్రధారిగా వచ్చిన 'రంగూన్ రాధా' (1956)లో ఆమె నటనను మెచ్చి అన్నాదురై 'నడిప్పుక్కు ఇలక్కణం', అనగా నటనకు వ్యాకరణం, అనే బిరుదుతో గౌరవించారు. తెలుగు మాతృభాషగా గల నటి తమిళ సంభాషణలు పలికిన తీరుకు తమిళ నాయకులే ఇచ్చిన యోగ్యతాపత్రమిది.

వయసుతోపాటు పాత్రలు మారాయి. 'బొబ్బిలి యుద్ధం' (1964)లో మల్లమదేవిగా, 'పల్నాటి యుద్ధం' (1966)లో నాయకురాలు నాగమ్మగా చరిత్ర పాత్రలకు నిండుదనం తెచ్చారు. 1947 నాటి 'పల్నాటి యుద్ధం'లో ఇదే నాగమ్మను కన్నాంబ పోషించారు. ఒకే పాత్రలో రెండు తరాల గాయక నటులను పోల్చి చూడగోరే పరిశోధకులకు ఇది మంచి అవకాశం. చలం కథానాయకుడుగా నటించిన 'మట్టిలో మాణిక్యం' (1971) ఉత్తమ తెలుగు చిత్రంగా జాతీయ పురస్కారం పొందింది. 'అంతా మన మంచికే' (1972), 'అమ్మాయి పెళ్లి' (1974) చిత్రాలకు ఆమె దర్శకత్వం వహించారు. బాలలే నటీనటులుగా 'భక్త ధ్రువ మార్కండేయ' (1982) రూపొందించారు.

కోడి రామకృష్ణ దర్శకత్వంలో వచ్చిన 'మంగమ్మగారి మనవడు' (1984) ఆమెను కొత్త తరం ప్రేక్షకులకు చేరువ చేసింది. నందమూరి బాలకృష్ణకు నాయనమ్మగా ఆమె నటించిన ఈ చిత్రంలో, సూర్యనారాయణ మూర్తిని మేలుకొలిపే పాటలో వాణీజయరాంతో కలిసి ఆమె గొంతు వినిపిస్తుంది. అప్పటికి ఆమెకు దాదాపు అరవై ఏళ్లు. కె.వి. మహదేవన్ స్వరరచనలో ఆ గొంతు కొంత బరువెక్కి ఉంటుంది, పై స్థాయిలో పూర్వపు తళుకు లేదు. అయినా పల్లెటూరి ముదుసలి తెల్లవారుజామున పాడుకునే పాటకు అంతకు మించిన గొంతు అవసరం లేదు.

అత్తగారు, పురస్కారాలు

సినిమా వ్యాసంగం నడుమ ఆమె చేసిన రచన 'అత్తగారి కథలు'. ఆచారం, అమాయకత్వం, అధికారం కలగలిసిన అత్తగారు ఇంటిల్లిపాదినీ నడిపిస్తూ తానే చిక్కుల్లో పడుతుంటారు. కోడలు పక్కనుండి చూసి చెబుతుంది. తెలుగు సాహిత్యంలో గయ్యాళి అత్తలకు కొరత లేదు. కోడలి చేత ఇంత ప్రేమగా నవ్వించబడిన అత్తగారు మాత్రం అంతకు ముందు లేరు. ఈ కథలకు ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ పురస్కారం లభించింది. ఆమె ఆత్మకథ 'నాలో నేను' 1993 సంవత్సరానికి సినిమాపై ఉత్తమ గ్రంథంగా జాతీయ పురస్కారాన్ని అందుకుంది. సినిమా చరిత్రపై వ్రాయదలచిన పాత్రికేయులకు ఇది తప్పనిసరి ఆధార గ్రంథం.

భారత ప్రభుత్వం 1966లో పద్మశ్రీ, 2001లో పద్మభూషణ్ పురస్కారాలతో ఆమెను సత్కరించింది. ఆంధ్ర విశ్వవిద్యాలయం కళాప్రపూర్ణతో, శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం గౌరవ డాక్టరేటుతో గౌరవించాయి. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 1985 సంవత్సరానికి రఘుపతి వెంకయ్య పురస్కారాన్ని, 2000 సంవత్సరానికి ఎన్.టి.ఆర్. జాతీయ పురస్కారాన్ని ప్రదానం చేసింది. 1980 దశకం మధ్యలో మద్రాసులోని తమిళనాడు ప్రభుత్వ సంగీత కళాశాలకు ఆమె ప్రిన్సిపాలుగా పనిచేశారు. చివరి చిత్రం 'పెళ్లికానుక' 1998లో విడుదలైంది. 2005 డిసెంబరు 24న చెన్నైలో ఆమె కన్నుమూశారు. భారతీయ సినిమా శతవార్షికోత్సవ సందర్భంగా 2013లో తపాలా శాఖ విడుదల చేసిన స్టాంపులలో ఆమె పేరిట కూడా ఒకటి ఉంది.

ఆమెను గూర్చిన వార్తలలో, వ్యాసాలలో తరచుగా దొర్లుతున్న రెండు పొరపాట్లను ఇక్కడ ప్రస్తావించవలసి ఉంది. భారతదేశంలో తొలి మహిళా దర్శకురాలు భానుమతి అని కొందరు వ్రాస్తుంటారు. ఇది సరికాదు. 1926లోనే ఫాత్మా బేగం మూకీ చిత్రానికి దర్శకత్వం వహించారు. తమిళంలో టి.పి. రాజలక్ష్మి 1936లో 'మిస్ కమల' రూపొందించారు. భానుమతికి తెలుగులో తొలి మహిళా దర్శకురాలు అన్న గౌరవం, మూడు భాషలలో ఒకే చిత్రాన్ని ఏకకాలంలో తీసిన ఘనత దక్కుతాయి. అవి చాలినంత పెద్దవే. ఇక ఆమెను 'నేపథ్య గాయని' అని పేర్కొనడం మరొక పొరపాటు. నేపథ్య గాయని అన్న మాట తెర వెనుక నిలిచి మరొకరికి గొంతు అరువిచ్చే వారికి వర్తిస్తుంది. భానుమతి ప్రధానంగా పాడినవి తాను ధరించిన పాత్రల పాటలే. కనుక 'గాయక నటి' అని వ్రాయడం సముచితం.